రెండు వానల నడుమ

2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. అధిక శ్రావణం ముగిసి నిజ శ్రావణం మొదలైన ఆగస్టు నెలంతా వాన మొహం చాటేసింది. వాతావరణ శాఖ దగ్గర 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశమంతటా అంత పొడిగా గడిచిన ఆగస్టు మరొకటి లేదు. పడాల్సిన దానికంటే 36 శాతం తక్కువ పడింది. అంతకు ముందు నెల జూలైలో మామూలు కంటే ఎక్కువే కురిసింది. దాంతో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల వాన కలిపి చూస్తే లోటు 6 శాతానికి వచ్చి ఆగింది. పేపర్లో ఆ ఒక్క అంకె చూసినవాళ్లకు పెద్ద కరువేమీ కాదులే అనిపిస్తుంది.

అడవిలో తొలకరికి మొలిచిన జానెడు మొక్కకు ఆ 6 శాతంతో పని లేదు. ఒక వానకూ ఇంకో వానకూ నడుమ ఎన్ని రోజులు గడిచాయి, ఆ రోజులు వచ్చేసరికి తన వేరు ఎంత లోతుకు దిగింది అన్న రెండు సంగతుల మీదే దాని బతుకు నిలుస్తుంది. ఉష్ణమండల అడవుల్లో ఏ జాతి చెట్టు ఎక్కడ ఉండాలో, ఎక్కడ లేకుండా పోవాలో ఎక్కువగా తేలేది చెట్లు పెద్దవయ్యాక కాదు, అవి మోకాలెత్తు కూడా లేని రోజుల్లో. విజయవాడ వాసులకు ఇది దూరపు సంగతి కాదు. ఊరికి ఒకవైపు కొండపల్లి అడవి ఉంది. ఇంకోవైపు, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మడ అడవి ఉంది. ఒకటి గుట్టల మీద, ఒకటి బురదలో. లేత మొక్కను నీళ్లు ఎలా పెంచుతాయో, ఎలా చంపుతాయో ఈ రెండు చోట్లా చూడొచ్చు.

ఇబ్రహీంపట్నం దాటితే కొండపల్లి గుట్టలు కనిపిస్తాయి. సుమారు 30 వేల ఎకరాల రిజర్వు ఫారెస్టు అది. శాస్త్రవేత్తల భాషలో శుష్క ఆకురాల్చే అడవి. వానల్లో పచ్చగా కమ్ముకుని, మాఘం దాటేసరికి మోడుగా మారే రకం. ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో మూడింట రెండు వంతులు నైరుతి తెచ్చేదే. మిగతాది చాలావరకు అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్లతో, వాయుగుండాలతో వస్తుంది. ఆ తర్వాత మళ్లీ మృగశిర దాకా నేలకు తడి తగిలేది చాలా తక్కువ. మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకడం బెజవాడకు కొత్త కాదు.

ఇలాంటి అడవిలో చాలా చెట్లు తమ గింజలను ఎండాకాలంలోనే రాల్చేస్తాయి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో పడే మొదటి వానలకు అవి మొలుస్తాయి. అప్పటి నుంచి స్వాతి, విశాఖ కార్తెల దాకా, అంటే దగ్గర దగ్గర ఐదు నెలలు, మొక్కకు దక్కిన గడువు. ఆ గడువులో అది ఆకులు వేయాలి, కాండం గట్టిపడాలి. అన్నిటికంటే ముఖ్యంగా వేరు కిందికి పోవాలి. ఎందుకంటే నేల పైనుంచి కిందికి ఆరుతుంది. ఎండ కాస్తే పై రెండంగుళాల మట్టి కొద్దిరోజుల్లోనే పొడిబారుతుంది. అడుగు లోతున తేమ ఇంకా కొన్ని వారాలు నిలుస్తుంది. అంతకంటే కింద, బండ సందుల్లో చేరిన చెమ్మ ఎండాకాలంలోనూ పూర్తిగా పోదు. ఆరుతూ దిగే మట్టి కంటే మొక్క వేరు ఒక అంగుళం ముందుంటే మొక్క బతుకుతుంది. వెనకబడితే పోతుంది.

గుట్ట వాలు మీద ఈ పందెం ఇంకా కష్టం. అక్కడ మట్టి మందం చాలా చోట్ల జానెడే. కింద గరుసు, దాని కింద బండ. పైన బోదగడ్డి వేర్లు వల అల్లినట్టు పరుచుకుని ఉంటాయి. చిన్న వాన పడితే ఆ తడిని ముందు తాగేది గడ్డే. అందుకని ఒకే వాలు మీద, ఒకే చెట్టు గింజలు రాలినా, బండ పగులులో పడ్డ గింజకు ఒక బతుకు, రెండడుగుల అవతల పలకరాయి మీది మట్టిలో పడ్డ గింజకు ఇంకో బతుకు. వేరుకు పగులు దొరికిన మొక్క సంక్రాంతి దాటాక కూడా ఆకుతో ఉంటుంది. పక్క మొక్క దసరాకే వాడిపోతుంది.

వాడిపోవడం అంటే లోపల జరిగేది ఏమిటి? చెట్టులో నీళ్లు పైకెక్కడానికి పంపులాంటిదేదీ లేదు. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే, ఆ లాగుడుకు కింద నుంచి నీరు సన్నటి గొట్టాల గుండా ధారగా పైకి వస్తుంది. వేరు చుట్టూ మట్టి తడిగా ఉన్నంతకాలం ఈ ధార తెగదు. మట్టి ఆరేకొద్దీ లాగుడు పెరుగుతుంది. ఒక దశ దాటాక గొట్టంలోకి గాలి బుడగ చొరబడుతుంది. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరిబొండం తాగబోతే ఎంత పీల్చినా నోటికి నీళ్లు అందవు, గాలే వస్తుంది. మొక్కలోనూ అంతే. ఆ గొట్టం ఇక పనికిరాదు. పెద్ద చెట్టుకు అలాంటి గొట్టాలు లెక్కలేనన్ని. కొన్ని పోయినా తట్టుకుంటుంది. పెన్సిలంత లావు కూడా లేని మొక్కకు ఉన్నవే కాసిని.

ఈ ప్రమాదం తప్పించుకోవడానికి మొక్క తన ఆకుల అడుగున ఉండే పత్రరంధ్రాలు మూసేసుకుంటుంది. నీళ్లు ఆవిరై పోవడం ఆగుతుంది. కానీ ఆ రంధ్రాల్లోంచే కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలి, దానితోనే మొక్క తన తిండి వండుకోవాలి. తలుపు మూస్తే దాహం తగ్గుతుంది, ఆకలి మొదలవుతుంది. పెద్ద చెట్టు మానులో, వేర్లలో దాచుకున్న పిండిపదార్థంతో నెలల తరబడి నెట్టుకొస్తుంది. గింజలో తెచ్చుకున్న నిల్వ అయిపోయిన మొలకకు అంత దాచుకున్నది ఉండదు. పది రోజుల ఎండను తట్టుకున్న మొక్క నెల రోజుల ఎండకు చచ్చేది ఇందుకే.

నీడ ఇక్కడ మంచీ చేస్తుంది, చెడూ చేస్తుంది. ఏ ముళ్లపొద చాటునో మొలిచిన మొక్క మీద ఎండ నేరుగా పడదు, నేల తొందరగా ఆరదు, మేకలు కూడా దాన్ని అంత సులువుగా అందుకోలేవు. ఎండ అడవుల్లో మొదటి వేసవి గట్టెక్కిన మొక్కలు ఇలాంటి చాటునే ఎక్కువగా కనిపిస్తాయి. అయితే చిక్కటి నీడలో వెలుతురు చాలదు. వెలుతురు చాలకపోతే వేరు పెరగదు. పైగా పెద్ద చెట్టు వేర్లు అదే తేమ కోసం పోటీకి వస్తాయి. మంచి వానలున్న ఏడాది బయలులో ఉన్న మొక్క ముందుకు పోతుంది, వాన మొహం చాటేసిన ఏడాది పొద చాటు మొక్క మిగులుతుంది.

కొండపల్లి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేవి బొమ్మలు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి. ఇవన్నీ పుట్టేది తెల్ల పొణికి అనే ఒక్క చెట్టు చెక్కలోంచి. ఆ చెక్క చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. కళాకారులు దాన్ని ఆరబెట్టి, సన్న సెగ మీద తేమ పోగొట్టి, చిన్న ఉలితో మలుస్తారు. చేతులు, తొండాలు, కొమ్మలు విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఇంకో చెక్కతో చేస్తే ఆ తేలికదనమూ రాదు, ఆ నునుపూ రాదు.

ఆ మెత్తదనానికీ నీళ్లకూ సంబంధం ఉంది. ఎండ అడవుల్లో చెట్లు రెండు దారుల్లో కరువును ఎదుర్కొంటాయి. చండ్ర, నల్లమద్ది లాంటి గట్టి చేవ ఉన్న చెట్లు సన్నని, దృఢమైన గొట్టాలు కట్టుకుని, నేల ఎండినా ఇంకా కొంత నీరు లాగుతూ ఓర్చుకుంటాయి. తేలిక చెక్క చెట్లది ఇంకో దారి. ఇవి ఓర్చుకోవు, తప్పుకుంటాయి. మానులోనే నీళ్లు నిల్వ చేసుకుని, ఎండలు ముదరకముందే ఆకంతా రాల్చేసి, తొలకరి దాకా నిద్రపోతాయి. కొండగోగు అలాంటిదే. తెల్ల పొణికి కూడా ఎండాకాలమంతా ఆకు లేకుండానే నిలబడుతుంది. బొమ్మలు చేసేవాళ్ల ఉలికి లొంగే ఆ గుణం, గుట్ట మీద చెట్టుకు ఎండాకాలం దాటే ఉపాయం.

కానీ మానులో నీళ్లు దాచుకోవాలంటే ముందు మాను ఉండాలి. పొణికి మొలకకు అది ఉండదు. అంతకు ముందు ఇంకో గండం ఉంది. పొణికి గింజకు పెంకు చాలా గట్టిది. అది మెత్తబడనిదే మొలక బయటికి రాదు. ఒక చినుకుకు తొందరపడి మొలిచి, ఆ తర్వాత వాన లేక మాడిపోకుండా ఇది కాపాడుతుంది. అదే పెంకు వల్ల నర్సరీల్లో పొణికిని మొలిపించడం మాత్రం కష్టమైన పని. అడవిలో చెట్టు కొట్టే వేగానికి, కొత్త మొక్క ఎదిగే వేగానికి పొంతన కుదరడం లేదు. బొమ్మ చెక్కేవాళ్లు కర్ర కోసం ఏళ్లుగా పడుతున్న ఇబ్బందిలో గొడ్డలి పాత్రతో పాటు, మొదటి రెండు ఎండాకాలాలు దాటలేకపోయిన మొలకల పాత్ర కూడా ఉంది. మొదటిది అందరికీ కనిపిస్తుంది. రెండోది ఎవరి లెక్కలోకీ రాదు.

చచ్చినట్టు కనిపించే ప్రతి మొక్కా చచ్చినట్టు కాదు. ఏప్రిల్‌లో గుట్ట ఎక్కితే దారి పక్కన వేలెడు పుల్లలు నేలలో గుచ్చినట్టు కనిపిస్తాయి. ఆకు లేదు, మొగ్గ లేదు. అలాంటి పుల్ల మొదట్లో తొక్కను గోటితో సన్నగా గీకితే ఒక్కోసారి లోపల పచ్చటి పొర తగులుతుంది. అది ప్రాణంతో ఉన్నట్టు. ఒక్కోసారి పుల్లంతా ఎండిపోయి ఉంటుంది, అయినా నేల కింద వేరు బతికే ఉంటుంది. వానలు పడగానే మొదట్లోంచి కొత్త చిగురు వస్తుంది. ఏగిస, టేకు లాంటి చెట్లకు ఇది అలవాటు. ఉత్తరాంధ్ర దాటి ఒడిశా వైపు పెరిగే సాల్ అయితే ఏళ్ల తరబడి ఇదే చేస్తుంది. ప్రతి వేసవిలో పైన చావడం, ప్రతి వానాకాలంలో మళ్లీ లేవడం, ఈలోగా కింద వేరు దుంపలా లావెక్కడం. వేరుకు సత్తువ చాలినంత చేరాక ఒక ఏడాది కాండం నిలబడి, ఒక్క ఊపున పైకి పోతుంది. మన దేశపు చెట్ల పెంపకం మీద 1921లో ట్రూప్ అనే అటవీ అధికారి రాసిన పెద్ద గ్రంథంలోనే ఈ సంగతి వివరంగా ఉంది.

అయితే ఆ వేరుకూ ఓ హద్దు ఉంది. ఫాల్గుణ, చైత్రాల్లో రాలిన ఆకుకు నిప్పంటుకుంటే పైన ఉన్నదంతా కాలుతుంది. ఒకసారి కాలితే వేరు మళ్లీ చిగురిస్తుంది. ఏటా కాలితే దాచుకున్న సత్తువంతా ఖర్చయి అదీ పోతుంది. వాన త్వరగా ఆగిపోయిన ఏడాదిలో గడ్డి ముందే ఎండుతుంది, నిప్పు ముందే వస్తుంది. నీటి కరువు మొక్కను నేరుగా చంపకపోయినా నిప్పు చేతికి అప్పగిస్తుంది. నీలగిరుల దిగువన ముదుమలై ఎండ అడవిలో 50 హెక్టార్లు గిరిగీసి, 1988 నుంచి బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు చెట్టు చెట్టునూ లెక్కపెడుతూ వస్తున్నారు. పెద్ద చెట్లు ఉన్నంత మాత్రాన పిల్ల చెట్లు వాటంతటవే ఎదిగివస్తాయని అనుకోకూడదని అక్కడి లెక్కలు చెబుతున్నాయి. నిప్పు, ఏనుగు, కరువు మూడూ కలిసి వాటిని కిందే అణచిపెడతాయి.

లేత మొక్క దాహం మొత్తం అడవి రూపాన్నే మారుస్తుందని గట్టిగా తేల్చిన పరిశోధన పనామాలో జరిగింది. పనామా సన్నటి దేశం. ఒక పక్క పసిఫిక్ మహాసముద్రం, ఇంకో పక్క కరేబియన్ సముద్రం. రెంటికీ నడుమ దూరం వంద కిలోమీటర్లలోపే. అయినా కరేబియన్ వైపు వాన చాలా ఎక్కువ, పసిఫిక్ వైపు తక్కువ, అక్కడ ఎండాకాలం కూడా పొడుగు. ఒక పక్క ఉన్న చెట్లు చాలావరకు ఇంకో పక్క ఉండవు. ఎందుకు? మట్టి తేడానా, వెలుతురు తేడానా, నీళ్లా? బెట్టినా ఎంగెల్‌బ్రెఖ్ట్ అనే శాస్త్రవేత్త బృందం 48 జాతుల మొలకలను అడవిలో నాటింది. ఎండాకాలంలో కొన్నిటికి నీళ్లు పోసింది, కొన్నిటిని ఎండనిచ్చింది. ఎండకు తట్టుకోలేని మొలకలు ఏ జాతివో, ఆ జాతి పెద్ద చెట్లు పొడి వైపు అడవిలో అరుదుగానే ఉన్నాయని తేలింది. 2007లో నేచర్ పత్రికలో వచ్చిన ఈ ఫలితం వాన తీరు మారితే అడవిలో ఏ చెట్లు మిగులుతాయో ఊహించడానికి దారి చూపింది. వానలు మారితే పెద్ద మాను వెంటనే పడిపోదు. దాని కింద దాని పిల్లలు మాత్రం లేవడం మానేస్తాయి. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత గానీ బయటివాళ్లకు ఆ తేడా తెలియదు.

దీనికి ఒక మెలిక కూడా ఉంది. బ్రెజిల్‌లో, అమెజాన్ అడవిలోని కాషివానా అనే చోట 2002 నుంచి ఒక హెక్టారు అడవి నేల మీద ప్లాస్టిక్ పలకలు పందిరిలా కట్టి, చెట్ల మీద నుంచి జారే వాన నీటిలో దాదాపు సగాన్ని పక్కకు మళ్లించారు. ఏళ్ల తరబడి అలా చేస్తే ముందు పోయింది చిన్న చెట్లు కాదు, ఆకాశాన్ని అంటే మహావృక్షాలు. అంత ఎత్తుకు నీటిధారను తెగకుండా నిలపడం వాటి వల్ల కాలేదు. అవి కూలిన చోట వెలుతురు పడి, మిగిలిన చిన్న చెట్లు కొంత పుంజుకున్నాయి కూడా. కాబట్టి చిన్నదయితే చాలు, ముందు చస్తుందన్న సూత్రమేమీ లేదు. వేరు నిలదొక్కుకోని మొలకకూ, తల మరీ పైకి పోయిన మానుకూ దాహం గండమే. ఈ రెంటి నడుమ ఉన్న వయసు చెట్టుకు కొంత వెసులుబాటు.

ఇక నీళ్లు ఎక్కువైన ఏడాది సంగతి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోత విజయవాడ మరిచిపోయేది కాదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే బుడమేరు గట్లు తెంచుకుని సింగ్‌నగర్‌ను ముంచింది. ఏడాది కిందట ఆగస్టు మొత్తం ఎండగట్టిన అదే నేల మీద, రెండు రోజుల్లో అంత నీరు. కానీ గుట్ట మీది మొక్కకు ఆ వాన నెలరోజులకు సరిపడా నీరు ఇచ్చిందనుకుంటే పొరపాటు. అలా కురిసిన వాన ఇంకదు. వాలు వెంట పరుగెత్తుతుంది. పోతూ పోతూ జానెడు మట్టిలో కొంత తీసుకుపోతుంది, లేత వేరును బయటపెడుతుంది. పల్లంలో నీరు నిలిస్తే వేర్లకు గాలి ఆడక, నీళ్లలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. ఆ వాననే నాలుగు వారాలకు పంచి కురిపించి ఉంటే కొండపల్లి మొలకలకు పండగ అయ్యేది.

వానను మన ఇష్టానికి పంచలేం. పరుగును ఆపగలం. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి, వాగుల్లో రాళ్లకట్టలు వేస్తే నీరు కొంతసేపైనా నిలిచి ఇంకుతుంది. 2000లో మొదలైన నీరు-మీరు కార్యక్రమం రోజుల్లో వన సంరక్షణ సమితులతో అడవి భూముల్లో ఇలాంటి పనులు విస్తారంగా చేయించారు. కందకం దిగువ గట్టు మీద మట్టి వదులుగా ఉంటుంది, తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. గింజలు అక్కడ ముందు మొలుస్తాయి. నాటిన మొక్క కంటే అలా తనంతట తాను మొలిచిన మొక్కకు ఒక మేలు ఉంది. దాని వేరుకు ఎన్నడూ ప్లాస్టిక్ సంచి అడ్డు రాలేదు.

సంచి సంగతి కొంచెం చెప్పుకోవాలి. నర్సరీ సంచిలో ఏడాదికి పైగా ఉన్న మొక్కను పీకి చూస్తే అడుగున తల్లివేరు గుండ్రంగా చుట్టలు చుట్టుకుని కనిపిస్తుంది. కిందికి దారి లేక తిరిగి తిరిగి అలా అయింది. సంచి చింపకుండానో, చింపినా ఆ చుట్ట కత్తిరించకుండానో నాటితే, నేలలోకి వెళ్లాక కూడా ఆ వేరు సూటిగా దిగదు. వానలున్నంత కాలం మొక్క పచ్చగానే ఉంటుంది. నాటినవాళ్లకు సంతోషం. నేల ఆరడం మొదలయ్యాక అసలు సంగతి బయటపడుతుంది. అలాగే, మూడడుగుల మొక్క చూడ్డానికి బాగుంటుంది కానీ, బీడునేలలో దానికంటే పొట్టిగా, వేరు బాగా ఉన్న మొక్కే మేలు. పైన ఆకు ఎంత ఎక్కువ ఉంటే అంత నీరు ఆవిరవుతుంది, అంత నీటిని కింద ఉన్న కాసింత వేరే అందించాలి. అనుభవమున్న నర్సరీ మాలీలు నాటడానికి ముందు కొన్ని వారాలు నీళ్లు తగ్గించి, నీడ తీసేసి మొక్కను ఎండకు అలవాటు చేస్తారు. ఎంతో అక్కరకొచ్చే పని అది, ఫొటోల్లో మాత్రం కనిపించదు.

1950లో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం.మున్షీ వన మహోత్సవాన్ని జూలైలో మొదలుపెట్టారు. వానాకాలం మొదట్లో నాటితే వేరుకు గడువు ఎక్కువ దొరుకుతుంది. ఆ తర్వాత తెలుగు నేల మీద వనం-మనం, హరితహారం, పచ్చతోరణం అంటూ కార్యక్రమాలు వచ్చాయి. ప్రతిసారీ పేపర్లో వచ్చేది ఎన్ని మొక్కలు నాటారన్న అంకె. ఆ అంకె పక్కన ఇంకో అంకె కూడా రావాలి. రెండు ఎండాకాలాలు దాటాక అందులో ఎన్ని నిలిచాయి? మొదటి వేసవి దాటిందీ లేనిదీ చూస్తే చాలదు, టేకులా పైన చచ్చి కింద బతికే జాతులను ఎండిపోయిన జాబితాలో వేసేసే ప్రమాదం ఉంది. రెండో వానాకాలంలో లెక్కపెడితే నిజం తెలుస్తుంది. నాటిన మొక్కలకు మొదటి ఏడాది మొదళ్లలో ఎండుగడ్డి పరచడం, పక్కన మట్టికుండ పాతి నీళ్లు నింపడం, వాలు వైపు అర్ధచంద్రంలా చిన్న గట్టు పోయడం వంటివన్నీ మన రైతులకు తెలిసినవే. ఊళ్ల పక్కన తోటలకు ఇవి సాయపడతాయి. వేల ఎకరాల అడవికి ఎవరూ కుండలు పాతలేరు. అక్కడ కందకమే దిక్కు, గడ్డికి నిప్పు పెట్టకపోవడమే సాయం.

కొండపల్లి దగ్గర మొదలుపెట్టి కృష్ణ వెంట దిగితే, పులిగడ్డ దగ్గర నది పాయలుగా చీలుతుంది. హంసలదీవి, ఎదురుమొండి, నాచుగుంట, సొర్లగొంది చుట్టూ మడ అడవులు. 1989లో ఇక్కడ సుమారు 195 చదరపు కిలోమీటర్లను కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ఇక్కడ నీటికి కొదవే లేదు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి అడవిని తడిపి పోతుంది. అయినా లేత మడ మొక్క చచ్చేది చాలాసార్లు దాహంతోనే.

సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. వేరు బయట ఉప్పు ఎక్కువైతే నీటిని లోపలికి లాగడం మొక్కకు ఎండిన మట్టిలోంచి లాగినంత కష్టం. మడ జాతులు దీనికి తయారయ్యే పుట్టాయి. కొన్ని వేరు దగ్గరే ఉప్పును వడగడతాయి, తెల్లమడ అయితే ఆకు మీద ఉప్పు పొడిని కక్కేస్తుంది. తెల్లవారుజామున ఆ ఆకు నాకితే ఉప్పగా తగులుతుంది. ఉప్పుపొన్న తన బిడ్డను గింజగా నేలకు వదలదు. కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడుగాటి కోలలా ఎదిగాక బురదలోకి రాలుతుంది. ఇన్ని ఉపాయాలున్నా లేత వయసులో ఇవన్నీ కోరుకునేది కాస్త తీపి నీటిని. ఉప్పు పలచబడిన నీటిలో మడ మొలక ఎదిగే తీరు వేరు, చిక్కటి ఉప్పులో ఎదిగే తీరు వేరు. పెద్దయిన చెట్టు ఓర్చుకునే ఉప్పును మొలక ఓర్చుకోలేదు.

ఆ తీపి నీరు తెచ్చేది కృష్ణే. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ, 1967లో నాగార్జునసాగర్, ఎగువన మరెన్నో జలాశయాలు. పదమూడు లక్షల ఎకరాల డెల్టా మాగాణిని తడిపిన ఘనత ఆ కాల్వలదే. అందులో వచ్చిన అన్నాన్ని ఎవరూ కాదనలేరు. కానీ సముద్రానికి చేరే నీరు పడిపోయింది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ 2007లో వేసిన లెక్క ప్రకారం, 1901 నుంచి 1960 దాకా కృష్ణ ఏటా సగటున 57 ఘన కిలోమీటర్ల నీటిని, అంటే సుమారు 2,000 టీఎంసీలను సముద్రానికి చేర్చేది. 1990 నుంచి 2001 నాటికి అది 21 ఘన కిలోమీటర్లకు, సుమారు 740 టీఎంసీలకు తగ్గింది. ఆ తర్వాతి కరువు ఏళ్లలో దాదాపు ఏమీ మిగల్లేదు.

ఇక్కడ కూడా ఏడాది మొత్తం అంకె మోసం చేస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ 70 గేట్లూ ఎత్తి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. ఆ వరద కొద్ది రోజుల్లో మడల మీదుగా సముద్రంలో కలిసింది. మాఘ, ఫాల్గుణాలు వచ్చేసరికి పాయల్లో మళ్లీ సముద్రపు నీరే. అప్పుడు మొలకకు కావలసింది లక్షల క్యూసెక్కులు కాదు, సన్నగా అయినా ఆగకుండా వచ్చే ధార. కొండపల్లి మొలక రెండు వానల నడుమ ఎన్ని రోజులని చూసుకుంటే, నాచుగుంట మొలక గేట్లు మూసిన నాటి నుంచి ఎన్ని రోజులని చూసుకుంటుంది.

మడలను నరికేసిన చోట ఇబ్బంది మరింత ముదురుతుంది. చెట్లు పోయాక మట్టి కుంగి, పళ్లెంలా గుంట పడుతుంది. పెద్ద పోటుకు నీరు లోపలికి వస్తుంది, తిరిగి బయటికి పోదు. ఎండకు అక్కడే ఆవిరై, ఉప్పు మాత్రం మిగులుతుంది. ఇలా కొన్నేళ్లు జరిగితే ఆ నేల మీద ఉప్పు పెళ్లలు కట్టి, సముద్రం కంటే ఉప్పగా మారుతుంది. అక్కడ ఏ విత్తనమూ నిలబడదు. 1990ల చివర్లో ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, తీర గ్రామాల ప్రజలు కలిసి కృష్ణా, గోదావరి మడల్లో దీనికి ఒక పద్ధతి అమలు చేశారు. పాయ నుంచి లోపలికి ఒక పెద్ద కాల్వ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాల్వలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటుకు నీరు చిన్న కాల్వల దాకా వస్తుంది, పాటుకు మళ్లీ బయటికి పోతుంది. పోతూ ఉప్పును కడుక్కుపోతుంది. మొక్కలను కాల్వ గట్ల వాలు మీద నాటుతారు, వేరు దగ్గర తడి ఉండేలా, నీరు మాత్రం నిలవకుండా.

ఈ కాల్వలు ఒకసారి తవ్వి వదిలేసేవి కావు. ప్రతి పోటూ కొంత ఒండ్రు తెచ్చి అడుగున దించుతుంది. పూడిపోతే పళ్లెం మళ్లీ పళ్లెమే. అందుకే మొక్కలు ఎదిగి తమ వేర్లతో నేలను పట్టుకునే దాకా, ఏటా పాటు సమయంలో బురదలోకి దిగి పూడిక తీయాలి. ఆ పని చేసేది పక్క పల్లెల మత్స్యకారులే. మడల్లో రొయ్యపిల్ల, పీత పెరిగితేనే వాళ్ల వలలో చేప పడుతుంది. మడలు ఉప్పెనకు అడ్డు కూడా. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ ఏం పోగొట్టుకుందో ఆ ఊళ్ల పెద్దలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పూడిక తీతకు డబ్బు ఒక ప్రాజెక్టుతో వస్తుంది, ప్రాజెక్టు గడువుతో ఆగిపోతుంది. మొక్క గడువు అంతకంటే పొడుగు. పూడిక తీతను కూడా కాల్వల మరమ్మతుల్లా ఏటా బడ్జెట్‌లో రాయాలి. ఖరీఫ్‌కు, రబీకి, విజయవాడ తాగునీటికి నీళ్లు పంచే కాగితం మీద, జనవరి నుంచి మే దాకా ఎదురుమొండి పాయకు చేరాల్సిన తీపి నీటికి కూడా ఒక వరుస ఉండాలి.